వాలుగ దవడ మీద నింద

నేను ఒక వాలుగ చేప దవడను. చేప తలకాయ పులుసు తిన్నాక కుక్కకు విసిరేసే ఎముక ఉంటుంది చూశారూ, అదే నేను. అయినా నా బతుకు కుక్క నోట్లో తెల్లారిపోలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో, సన్నఖాదీకి నూలు వడికే ఆడవాళ్ళ చేతుల్లో గడిచింది. నాకు ప్రాణం లేదు గానీ భయం మాత్రం దండిగా ఉంది. చెయ్యని నేరం నెత్తిన పడితే మనుషులైతే నాలుగు వీధులకూ వినపడేలా అరుస్తారు. నేను ఎముకను, అరవలేను. అందుకే ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

గోదావరి దిగువన బురద నీళ్ళలో పుట్టాను. అప్పుడు నాకు ఒళ్ళుండేది, తోకుండేది, ఇంత నోరుండేది. వాలుగ జాతికి నోరు పెద్ద, ఆలోచన తక్కువ. ఎదురొచ్చిందల్లా మింగుతుంది. అలాగే ఒకరోజు ఎదురొచ్చిన గాలాన్నీ మింగాను. నా కండ ఎవరి పులుసులో ఉడికిందో నాకు తెలియదు. దవడను మాత్రం కోసి, కడిగి, ఎండబెట్టి, సాటి దవడలతో కట్టగట్టి పొందూరు పంపారు. బతికుండగా చిన్న చేపలను వణికించిన నోరు, చచ్చాక దూదికి దువ్వెన కాబోతోందని ఎవరనుకుంటారు!

మా పని సంగతి ఒక మాట చెప్పాలి. కొండపత్తి గింజకు దూది అంటుకునే ఉంటుంది, అందులో ఆకు నలుసులూ దుమ్మూ ఇరుక్కుని ఉంటాయి. గింజను వేళ్ళతో పట్టుకుని, దాని మీది దూదిని నా పళ్ళతో మెల్లగా దువ్వుతారు. నలుసంతా రాలిపోయి పీచు తిన్నగా, పట్టులా నిలబడుతుంది. నా పళ్ళు లెక్కకు అందవు. వరుసలు వరుసలుగా, ఒక్కొక్కటీ సూదిమొనంత. ఇనప దువ్వెనలు తెచ్చి చూశారట, పీచు తెగిందట. ఈ ముక్క చెప్పుకునేటప్పుడు నాకు కాస్త గర్వంగా ఉంటుంది, క్షమించాలి.

నన్ను కట్టలోంచి ఏరుకున్నది సూరమ్మ. బొటనవేలితో నా పళ్ళ వరుసలన్నీ తడిమి, "దీనికి నిండా ఉన్నాయి" అంది. అసూయగా అందో సంతోషంగా అందో నాకు అర్థం కాలేదు. ఎందుకంటే ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు. అప్పటికి ఆమెకు అరవై కూడా నిండలేదు. పళ్ళు మాత్రం ముప్ఫై దాటీ దాటకముందే ఒక్కొక్కటిగా కదిలి, నొప్పి కూడా లేకుండా రాలిపోయాయట.

ఆ ఇంట్లో సూరమ్మ, ఆమె కూతురు కనకం, కనకం మొగుడు గురువులు, వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల యామిని ఉండేవారు. గురువులు మగ్గం నేస్తాడు. అతను సూరమ్మకు ఆఖరి తమ్ముడే. అంటే కనకం తన మేనమామనే చేసుకుంది. బయటి సంబంధాలు వెతికే శ్రమ లేదని, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుందని అందరూ సంతోషించారు. పిల్లతోపాటు ఇంకేం ఇంట్లోనే ఉండిపోతాయో అప్పుడెవరూ ఆలోచించలేదు.

సూరమ్మ చూపు మందగించాక నేను కనకం చేతికి వచ్చాను. కనకానికి ముప్ఫయ్యారేళ్ళు. చెయ్యి ఎంత నెమ్మదో మాట అంత నెమ్మది. నవ్వేటప్పుడు, మాట్లాడేటప్పుడు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కొత్తలో అది సిగ్గనుకున్నాను. కొంగు చాటున ఆమె పళ్ళూ ఊగుతున్నాయని, పైవరుసలో మూడు అప్పటికే లేవని తరవాత తెలిసింది.

కనకం చేతికి వచ్చిన మొదటి వారంలోనే నా మీద ఉన్న నేరం కూడా తెలిసింది. సూరమ్మ గుమ్మంలో కూర్చుని ఎవరో పక్కింటామెకు చెబుతోంది. "సేప పళ్ళతో బతికీవోళ్ళకి సొంత పళ్ళు నిలబడవమ్మా. మా అమ్మకి పోనాయి, నాకు పోనాయి, మా కనకానికి పోతన్నాయి. దాని పళ్ళు మనం అరగదీత్తన్నాం కదేటి, అది మన పళ్ళు అట్టుకుపోతాది."

నేను కొయ్యబారిపోయాను. నాకు ముందు ఆ ఇంట్లో అరిగి పారేసిన దవడలన్నింటి పాపమూ ఆ పూట నా నెత్తికెక్కింది. మా వీధిలో దవడ పట్టిన ఆడవాళ్ళు ఇరవైమందికి తక్కువుండరు. నాలుగిళ్ళ అవతల ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఇప్పటికీ చెరకు గడ పళ్ళతో చీల్చి నమిలేస్తుంది. మరి ఆ ముసలమ్మ జోలికి మేమెందుకు పోలేదని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడిగితే శాపం నిలబడదు కదా. మనుషులు తమకు అక్కరైన శాపాన్ని ప్రశ్నలతో పాడుచేసుకోరు.

నిజానికి ఒకసారి సందులోని మందుల షాపాయన ఇదంతా అడ్డపొగ వల్ల అన్నాడు. మా వైపు కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సూరమ్మకూ ఆ అలవాటుంది. ఆ అలవాటు నోటికి మంచిది కాదు, అది నిజమే. కానీ కనకం జన్మలో చుట్ట ముట్టలేదు. కాబట్టి ఆ మాట అక్కడితో ఆగిపోయింది, నింద మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

యామినికి అప్పుడు పదమూడేళ్ళు. దాని పళ్ళు చూడాలి మీరు. మల్లెమొగ్గలు పేర్చినట్టుండేవి. రోజుకు రెండుసార్లు తోముకునేది, తల్లి దగ్గరుండి తోమించేది. నేనుండే గది గడప మాత్రం దాటనిచ్చేది కాదు. పిల్ల అటుగా వస్తే చాలు, కనకం గొంతు లేచేది. "ఒలే గుంటా, దాన్ని ముట్టుకోకు. ఇటు రాకన్నానా?" తన పళ్ళు పోతే పోయాయి, పిల్ల పళ్ళు నిలబెట్టాలి. ఆమె బతుక్కి అదొక్కటే మొక్కు, అదొక్కటే పట్టుదల. ఆ గడప అవతలి నుంచి పిల్ల నన్ను తొంగి చూసేది. నేనేదో పులిని అయినట్టు.

పిల్లకు పద్నాలుగో ఏడు వచ్చింది. పైన ముందుపళ్ళు రెంటి మధ్యా సందు పడింది. వీధి వీధంతా ముచ్చటపడింది. పళ్ళ సందు అదృష్టమన్నారు, గొప్పింటికి పోతుందన్నారు. కనకం ఒక్కతే నవ్వలేదు. తనకూ అలాగే, ఆ వయసులోనే, అక్కడే మొదలైంది. అద్దం ముందు పిల్ల పన్నును వేలితో నెట్టి చూసింది. అది కదిలింది. కనకం గదిలోకి వచ్చి నా ముందు కూర్చుంది.

ఆమె అప్పుడేం చెయ్యాలి? పిల్లను తీసుకుని బస్సెక్కాలి. అలా చెయ్యలేదు. నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇంట్లో చేపల కూర మానేసింది. చేపలమ్మి వీధిలోకి వస్తే తలుపేసుకునేది. ప్రతి శుక్రవారం తలారా నీళ్ళోసుకుని వచ్చి నన్ను రెండు చేతుల్లో పట్టుకుని ఒకటే మాట అడిగేది. "తల్లీ, నావి తీస్కో. ఎన్ని కావాలంటే అన్ని తీస్కో. మా గుంటవి ఒదిలీ."

నాకు ఊపిరుంటే ఆడేది కాదు. నేను ఏమీ తీసుకోలేదమ్మా, నాకు తీసుకోవడం తెలియదు, నేను చచ్చిన చేపను, పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకుపో అని ఎంత మొత్తుకున్నానో! ఒళ్ళంతా నోరే అయ్యీ ఒక్క మాట రాలేదు.

ఇలా ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున్న కనకం పరుగెత్తుకుంటూ వచ్చింది. అరచేతిలో ఆమె కింది పన్ను. అన్నం తింటుంటే ఊడి చేతిలోకి వచ్చిందట. ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. "తీస్కున్నావు కదమ్మా! నా మాట ఇన్నావు!" అని ఆ పన్నును నా ముందు పెట్టి దండం పెట్టింది. బేరం కుదిరిందనుకుంది. ఇక పిల్లకు భయం లేదనుకుంది. ఆ ధైర్యంతో మరో ఏడాది హాయిగా ఊరుకుంది. నేను చూసిన మనుషుల పొరపాట్లలో అంత ప్రేమ నిండినది లేదు, అంత నష్టం చేసినదీ లేదు. అవతల పిల్ల చిగురు కింద ఎముక కరిగిపోతూనే ఉంది.

యామిని ఇంటర్లో చేరింది. కాలేజీలో పళ్ళ డాక్టర్లు వచ్చి అందరి నోళ్ళూ చూశారు. మిగతా పిల్లలకు బ్రష్షులిచ్చి పంపారు. యామినికి మాత్రం ఒక చీటీ ఇచ్చారు. చిగుళ్ళ డాక్టరుకు వెంటనే చూపించాలని అందులో రాసి ఉంది. పిల్ల చీటీ చదివి వినిపించాక కనకం దాన్ని మడిచి కొంగున కట్టుకుంది. తరవాత గదిలోకి వచ్చి, నన్ను పాత పంచె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. శ్రీకాకుళం బస్సులో ఆమె ఒళ్ళో కూర్చుని వెళ్ళాను. నేరస్థుణ్ణి కోర్టుకు తీసుకెళ్ళినట్టుంది నా పని.

డాక్టరు పేరు ఉషశ్రీ. నలభై లోపు మనిషి, మొహానికి గుడ్డ, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. యామినిని కుర్చీలో పడుకోబెట్టి, సన్నటి పుల్లలాంటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య దించుతూ, అక్కడి లోతును అంకెల్లో చెబుతోంది. పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. రెండు. మూడు. రెండు. అంతవరకూ గొంతు మామూలుగానే ఉంది. ఎనిమిది. తొమ్మిది. గొంతు తగ్గింది. కనకానికి ఆ అంకెల అర్థం తెలియదు. డాక్టరు కనుబొమలను బట్టి లెక్క కట్టుకుంటోంది.

తరవాత ఎక్స్‌రే చూపించింది. ముందుపళ్ళ దగ్గరా, నాలుగు మూలల పెద్ద దంతాల దగ్గరా ఎముకను ఎవరో చెంచాతో తీసేసినట్టు నల్లగా ఉంది. మిగతా చోట్ల బాగానే ఉంది.

"అమ్మా, పిల్ల పళ్ళు చక్కగా తోముకుంటోంది. పైకి మచ్చ కూడా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు" అంది ఉషశ్రీ. "జబ్బు లోపలుంది. ఎప్పటి నుంచి కదులుతున్నాయి?"

"రెండేళ్ళ పైనే" అంది యామిని.

డాక్టరు ఆ మాటను కూడా రాయించింది. అది కనకానికి గుచ్చుకుంది. గబగబా సంచి విప్పి, గుడ్డ తీసి, నన్ను బల్ల మీద పెట్టింది. "ఇదేనమ్మా. దీన్తోనే అయినాది. మా అమ్మమ్మ కాణ్ణించీ ఇది మా పళ్ళు తీస్కుంతంది. దీనికేటి సెయ్యాలో మీరే సెప్పండి."

పక్కనున్న అమ్మాయి నవ్వాపుకుంటూ అటు తిరిగింది. ఉషశ్రీ మాత్రం నవ్వలేదు. చేతి తొడుగులు మార్చుకుని నన్ను తీసి, దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఎన్నాళ్ళకో ఒక మనిషి నన్ను భయం లేకుండా పట్టుకుంది.

"ఎంత అందంగా ఉన్నాయో దీని పళ్ళు! ఇవి ఎముకకే అతుక్కుని ఉంటాయమ్మా. మనవి అలా కాదు. మన పన్ను ఎముకలో గుంటలో కూర్చుంటుంది, చుట్టూ చిగురు కాపలా కాస్తుంది. ఆ కాపలా తప్పింది మీ ఇంట్లో. ఈ చేపకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

ఆ మాట కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. విన్నాక ఎగిరి గంతేస్తాననుకున్నాను. కానీ డాక్టరు అక్కడితో ఆపలేదు.

నోట్లో వందల రకాల సూక్ష్మజీవులుంటాయని, చాలావరకు మనతో సుఖంగా కాపురం చేసేవేనని చెప్పింది. వాటిలో ఒకటి రెండు రకాలు చెడ్డవి, చిగురు కింద చేరి ఎముకను పాడుచేస్తాయట. అందరి నోట్లోనూ అవి అంత చెయ్యలేవు. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఒంట్లోని కాపలావాళ్ళకు పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. దొంగ వచ్చినప్పుడు లేవరు, లేచాక దొంగతోపాటు ఇంటివాళ్ళనీ కొడతారు. ఆ దెబ్బలకే సగం ఎముక పోతుందట. దగ్గరి సంబంధాలు చేసుకున్నచోట ఆ లోపం పిల్లలకు వచ్చే వీలు ఎక్కువ. "కాబట్టి రెండూ కలవాలి. రక్తంలో వచ్చేది ఒకటి, నోట్లోకి చేరేది ఒకటి. ఏ ఒక్కటే అయినా ఇంత జరగదు."

"రక్తంలోది సరే" అంది కనకం మెల్లగా. "నోట్లోకి ఎలగొచ్చిందమ్మా? మా గుంట ఒకరి ఎంగిలి ముట్టదు."

"ఇప్పుడు కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లో ఉంటే, చిన్నప్పుడే చేరుతుంది. ఎంగిలి చెంచా, నమిలి పెట్టిన అన్నం ముద్ద, అలాగ."

ఉషశ్రీ మామూలుగా అనేసి ఎక్స్‌రే వైపు తిరిగింది. కనకం చెయ్యి మాత్రం నోటి మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

యామినికి ఏడాది పిల్లప్పుడు విరేచనాలు పట్టుకుని, తిన్నది నిలవక, ఎముకల గూడయిందట. పాలు పడితే కక్కేది. కనకమే అన్నం మెత్తగా నమిలి, ముద్ద చేసి, వేలితో పిల్ల నాలుక మీద పెట్టేది. పిల్ల తేరుకుంది. తేరుకున్నాక కూడా ఆ అలవాటు మూడేళ్ళ దాకా పోలేదు. సూరమ్మ ఈ కథను గుమ్మంలో కూర్చుని ఎన్నోసార్లు గొప్పగా చెప్పేది. నేను విన్నదే. అప్పుడు అది తల్లి ప్రేమ కథలాగే ఉండేది.

"మీ నోరు కూడా ఒకసారి చూస్తానమ్మా. ఇంట్లో అందరివీ చూడాలి. పిల్లకు శుభ్రం చేసి మీవి వదిలేస్తే లాభం లేదు" అంది డాక్టరు.

కనకం కొంగు ఇంకా బిగించుకుంది. "నా నోరొద్దమ్మా. పోయీ పళ్ళకి మందెందుకు? దాన్ది సూడండి సాలు."

మర్నాడు మధ్యాహ్నం సూరమ్మ నిద్రపోతుంటే కనకం గదిలోకి వచ్చింది. పత్తి తియ్యలేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని నా పసుపంతా తడిగుడ్డతో తుడిచింది. "నీదే అయ్యుంటే బాగుణ్ణే" అంది. అని ఏడ్చింది.

నాకు అప్పుడు అర్థమైంది. నా మీద నింద ఉన్నంతకాలం ఆ తల్లి రాత్రిపూట నిద్రపోయింది. డాక్టరు నన్ను వదిలిపెట్టేసరికి ఆ నేరం వెళ్ళడానికి వేరే చోటు లేక ఆమె ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. దాన్ని మళ్ళీ నాకే ఇచ్చెయ్యమని చెప్పడానికి నాకు నోరు లేదు. చెప్పగలిగితే ఒట్టు, తీసుకునేదాన్ని. ఎముకకు నింద బరువేముంది?

ఆ రోజు నుంచి కనకం ఇంట్లోనే వేరుకాపురం పెట్టింది. తన గ్లాసు వేరు, కంచం వేరు, నీళ్ళకుండ వేరు. పిల్లతో మాట్లాడితే మొహం పక్కకు తిప్పి మాట్లాడేది. రాత్రిపూట పిల్ల పక్కన పడుకోవడం మానేసి వసారాలో చాప వేసుకుంది. అన్నం కలిపి ముద్ద పెట్టడం యామిని ఇంటర్లో చేరినా మానని మనిషి, ఇప్పుడు కంచం ముందు పెట్టి అవతలికి పోయేది.

పిల్ల వైద్యం మొదలైంది. చిగుళ్ళకు మత్తిచ్చి లోపలంతా గీకి శుభ్రం చేశారు, మాత్రలిచ్చారు. కింద కుడివైపు పెద్ద దంతం నిలబడేలా లేదని తీసేశారు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే అది కూడా మిగిలేదని డాక్టరు అంది. ముందుపళ్ళ మాట మూడు నెలలయ్యాక గానీ చెప్పలేనంది. ఆ మూడు నెలలూ ఇల్లు ఇల్లులా లేదు. యామిని పొద్దున్న లేవగానే నాలుకతో ముందుపళ్ళు తోసి చూసుకునేది. కనకం దూరం నుంచి పిల్ల నోటి వైపు చూసేది. పిల్ల చూస్తే తల దించుకునేది. వాళ్ళిద్దరినీ నేను చూసేదాన్ని. ముగ్గురమూ ఒకే పంటి గురించి బెంగపడేవాళ్ళం.

రెండో నెలలో పిల్ల ఇక ఓర్చుకోలేకపోయింది. కనకం నాతో పత్తి దువ్వుతోంది. యామిని గడప మీద నిలబడింది. అంతకు మించి రాలేదు, అలవాటు.

"అమ్మా, డాక్టరమ్మ నిన్ను రమ్మని మూడుసార్లు సెప్పింది. ఎందుకు రావు?"

"నాకేటి పనే అక్కడ?"

"పరాయిదాన్లాగ ఆ గ్లాసు వేరేటి, ఆ సాప వేరేటి? నాకేటి అంటుతాది ఇప్పుడు? రావలిసింది ఎప్పుడో వచ్చీసింది, దూరంగా కూకుంటే ఎల్లిపోదు, నోరు బాగు సేయించుకుని పక్కన కూకోమని డాక్టరమ్మ సెప్పింది. నీకు సెప్పినా కదా?"

కనకం చేతిలో నేను ఆగిపోయాను. "నా నోటితోనే కదే నీకు పెట్టినాను" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి రావడానికి రెండు నెలలు పట్టింది. "నా సేతుల్తో నానే పెట్టినాను."

గుమ్మంలో సూరమ్మ తల ఎత్తింది. చుట్ట తీసి పక్కన పెట్టింది. "ఒలే ఎర్రిదానా," అంది కూతురితో, "ఆ నాడు నువ్వు నవిలి పెట్టకపోతే ఈయాల పళ్ళు పోడానికి ఆ గుంట ఉండేదేటి? ఇప్పుడు పళ్ళ కోసం ఏడుత్తన్నావు, గుంట కోసం ఏడవక్కల్లేదు. ఏది మేలు?"

యామిని కళ్ళు తుడుచుకుని, "నువ్వు రాకపోతే నానూ ఎల్లను. నా ముందుపళ్ళు రాలిపోనీ" అంది. బెదిరింపే. కానీ ఆ వయసు పిల్లల బెదిరింపుల్లో ఏది నిజమవుతుందో ఎవరూ చెప్పలేరు. పరీక్షించి చూడటానికి కనకానికి కూడా ధైర్యం చాలలేదు.

అలా కనకం వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చూపించని నోరు డాక్టరు ముందు తెరిచిందట. తెరిచాక మూసుకోవడం మరిచిపోయి భోరున ఏడ్చిందట, డాక్టరు పరికరం పక్కన పెట్టి చెయ్యి పట్టుకుందట. ఇవన్నీ యామిని చెబితే సూరమ్మ విన్నది, నేనూ విన్నాను. మిగిలినవాటిలో ఆరు పళ్ళు నిలబెట్టవచ్చన్నారు. గురువుల్ని కూడా లాక్కుపోయారు. మగాడి పళ్ళ సంగతి అంతవరకూ ఎవరూ అడగలేదు గానీ, అతనికీ దవడ పళ్ళు నాలుగు లేవని అక్కడే బయటపడింది. ఇన్నాళ్ళూ బుగ్గన వక్కపొడి పెట్టుకుని దాచాడు. శాపం ఆడవాళ్ళకేనన్న మాట కూడా ఆ పూటతో తేలిపోయింది. సూరమ్మనూ తీసుకెళ్ళారు; చుట్ట మానమని గట్టిగా చెప్పి, అంగిలి మీద కనపడిన తెల్లమచ్చను మళ్ళీ చూడాలన్నారు. ఆమె వారం రోజులు మానింది, ఎనిమిదో రోజు మళ్ళీ మొదలుపెట్టింది. పోరు ఇంకా నడుస్తోంది.

ఇక నా సంగతి. నా పళ్ళు కూడా అరిగిపోతున్నాయి. మొనలు మొద్దుబారి, కొన్ని విరిగి, పీచు అక్కడక్కడా జారిపోతోంది. మా జాతిలో ఎవరూ నాలా ఇన్నేళ్ళు ఆడలేదు. ఈ చలికాలం కొత్త దవడలు వస్తే నన్ను పెరట్లోకి గిరాటేస్తారు. అందుకు బాధ లేదు. వెళ్ళేలోపు ఆ పిల్ల ముందుపళ్ళ సంగతి తేలాలని మాత్రం ఉండేది.

మూడు నెలల తరవాతి పరీక్ష అయ్యాక తల్లీకూతుళ్ళు మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. గుమ్మంలోనే సూరమ్మకు అంకెలు చెప్పింది యామిని. తొమ్మిది ఉన్న చోట నాలుగు. ఎనిమిది ఉన్న చోట మూడు. ముందుపళ్ళు ఉంటాయి. అయితే రక్తంలోది ఎక్కడికీ పోదు, బతికినన్నాళ్ళూ మూడు నెలలకోసారి వెళ్ళాలి. రేపు దానికి పిల్లలు పుడితే, పెద్ద దంతాలు రాగానే వాళ్ళనీ చూపించాలి. అందరికీ వస్తుందని లేదు, రాదని కూడా లేదు. సూరమ్మ బోసి నోటితో ఆ అంకెలను రెండుసార్లు పలికి చూసుకుంది.

కనకం గదిలోకి వచ్చి కూర్చుని పత్తి బుట్ట ముందుకు లాక్కుంది. ఆమె నన్ను తీసుకునేలోగా యామిని లోపలికి వచ్చింది. గడప దాటింది. తల్లి పక్కన కూర్చుని, నన్ను చేతిలోకి తీసుకుంది.

నాకు గుండె లేదు, ఉంటే ఆగిపోయేది. పిల్ల చెయ్యి వెచ్చగా, కొత్తగా ఉంది. ఒకవేళ రేపెప్పుడో ఆ పన్ను కదిలితే, ఈ రోజునే తలుచుకుంటారు, నన్నే అంటారు. వదిలెయ్యి తల్లీ, నా జోలికి రాకు అనుకున్నాను. కనకం కూడా చెయ్యి చాపింది, లాక్కోవడానికే. ఏళ్ళ తరబడి ఆ నోటికి అలవాటైన కేక ఆమె పెదాల దాకా వచ్చిందని నాకు తెలుసు. పిల్ల గింజను తీసి, తెలియక నన్ను నిలువుగా పెట్టి గీకింది. పీచు తెగింది. మళ్ళీ గీకింది, మళ్ళీ తెగింది.

చాపిన చెయ్యి పిల్ల మణికట్టు మీద వాలింది. కొంగు జారిపోయినా కనకం సర్దుకోలేదు.

"అలగ కాదే గుంటా," అంది. "ఏటవాలుగా అట్టుకో."